ఏరేవాళ్ళ చేతికి డబ్బు అందితేనే రీసైక్లింగ్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే.

పేద దేశాల్లో, ఎదుగుతున్న దేశాల్లో ప్లాస్టిక్ చెత్త, దాని రీసైక్లింగ్ గురించి మాట్లాడమన్నారు. ఇలాంటి మీటింగుల్లో మామూలుగా మెషీన్ల గురించి చెప్తారు, కొత్త టెక్నాలజీ అంటారు, స్క్రీన్ మీద తాబేలు ముక్కులో స్ట్రా ఫోటో ఒకటి వేస్తారు. నేను ఇవాళ ఎక్కువగా డబ్బు గురించి మాట్లాడతా. ఎందుకంటే ఒక సీసా రీసైకిల్ అవుతుందా కాలవలోకి పోతుందా అనేది తేల్చేది మనసు మంచితనం కాదండీ, దాన్ని కొనేవాడు ఉన్నాడా లేడా, వంగి ఏరేవాడికి కూలి గిట్టుతుందా లేదా, అంతే.

ముందు లెక్కలు కొంచెం చూద్దాం, ఎక్కువ విసిగించను. ఎక్కువగా డబ్బున్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద వచ్చిన ప్లాస్టిక్ చెత్త సుమారు 35 కోట్ల టన్నులు. అందులో రీసైకిల్ అయింది 9 శాతం. దాదాపు సగం ల్యాండ్‌ఫిల్‌కి, అంటే చెత్త పూడ్చే గోతులకి పోయింది, 19 శాతం ఇన్సినరేటర్లలో కాల్చారు, మిగిలిన 22 శాతం ఎవరి లెక్కలోనూ పడకుండా, అంటే రోడ్డు పక్కన, కాలవలో, పెరట్లో మంట పెట్టేసి, అలా పోయింది. 9 శాతం అనేది ప్రపంచం మొత్తం మీద లెక్క, డబ్బున్న దేశాలని కూడా కలుపుకుని. కాబట్టి వాళ్ళకేదో బ్రహ్మాండంగా వచ్చేసింది మనకే రాలేదు అనుకోకండి. తేడా ఎక్కడంటే కలెక్షన్ దగ్గర. ప్రపంచ బ్యాంకు 2018 రిపోర్టులో ఉంది, డబ్బున్న దేశాల్లో చెత్తలో 96 శాతం ఎత్తుతారు, బాగా పేద దేశాల్లో ఎత్తేది 39 శాతమే. అసలు చెత్త బండే రాని ఇంట్లో వాళ్ళని కూర్చోబెట్టి రీసైక్లింగ్ గురించి క్లాసు పీకితే ఏం లాభం చెప్పండి. వాళ్ళకి రెండే దార్లు, పారేయడం లేదా తగలబెట్టడం.

తగలబెట్టడం గురించి ఒక మాట. సముద్రంలో ప్లాస్టిక్ గురించి మాట్లాడినంత దీని గురించి ఎవరూ మాట్లాడరు. 2024లో లీడ్స్ యూనివర్సిటీ వాళ్ళు నేచర్ పత్రికలో ఒక పేపర్ వేశారు, 2020లో పర్యావరణంలోకి వదిలేసిన ప్లాస్టిక్ దాదాపు 5.2 కోట్ల టన్నులని, అందులో సగానికి పైగా ఇలా ఇళ్ళ దగ్గర, వీధుల్లో, డంపింగ్ యార్డుల్లో మంట పెట్టిందేనని తేల్చారు. ఆ పొగలో డయాక్సిన్లనే విష రసాయనాలు ఉంటాయి, పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ ఉంటే ఇంకా ఘోరం. సముద్రంలో కలిసింది ఫోటోలో కనిపిస్తుంది, పొగ రూపంలో ఊపిరితిత్తుల్లోకి పోయింది ఏ ఫోటోలోనూ పడదు, అందుకేనేమో దానికి ఫండింగ్ కూడా రాదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ప్లాస్టిక్ అని మనం ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ అవి ఒకదానితో ఒకటి పడని ఏడెనిమిది రకాల సరుకులు. సీసా అడుగున త్రికోణంలో నంబర్ ఉంటుంది చూశారా, 1 అంటే పెట్, నీళ్ళ సీసా, కూల్‌డ్రింక్ సీసా. 2 హెచ్‌డీపీఈ, షాంపూ డబ్బాలు, ఫినాయిల్ డబ్బాలు, నూనె క్యాన్లు. 3 పీవీసీ. 4 పల్చటి కవర్లు. 5 పీపీ, అంటే సీసా మూతలు, హోటల్ నుంచి పార్సిల్ వచ్చే డబ్బాలు. 6 పాలీస్టైరీన్, మన థర్మోకోల్ కూడా అందులోదే. 7 అంటే పైవేవీ కానివన్నీ కలిపి ఒక మూట. చాలామంది ఆ గుర్తు చూసి ఇది రీసైకిల్ అవుతుంది అనుకుంటారు, కాదండీ, అది ఏ రకం ప్లాస్టికో చెప్పడానికి మాత్రమే. మార్కెట్లో నిజంగా నిలకడగా అమ్ముడుపోయేవి 1, 2, 5. కవర్లు శుభ్రంగా, పొడిగా, ఒకేచోట ఎక్కువ దొరికితే కొంటారు. మిగతావాటికి కొనేవాడు దొరకడం కష్టం.

ఈ రకాలు కలిస్తే ఏమవుతుందో చెప్తా, ఇది అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే. పెట్ కరగాలంటే 250 డిగ్రీల పైన వేడి కావాలి. ఆ వేడికి పీవీసీ ఆగదు, మాడిపోయి యాసిడ్ వదులుతుంది, ఆ యాసిడ్ పెట్‌ని కూడా పాడు చేస్తుంది, సరుకంతా పసుపు రంగుకి తిరిగి నల్ల చుక్కలు పడతాయి. పాలలో ఉప్పురాయి పడ్డట్టన్నమాట, ఎంత పడింది అనేది కాదు, పడితే చాలు. పైగా రెండింటి బరువూ ఇంచుమించు ఒకటే, కాబట్టి నీళ్ళలో వేసి విడదీద్దామన్నా రెండూ మునుగుతాయి. మూతలు, కవర్లు, డబ్బాలు, అంటే 2, 4, 5 రకాలు నీళ్ళమీద తేలతాయి, అది సులువు, ఒక తొట్టి ఉంటే చాలు, ఏ దేశంలో అయినా చిన్న చిన్న యూనిట్లు చేసే మొదటి పని అదే. కానీ పెట్‌లోంచి పీవీసీ ఏరడానికి మాత్రం ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ల మెషీనన్నా కావాలి, లేకపోతే అనుభవం ఉన్న మనిషన్నా కావాలి. ఏళ్ళ తరబడి ఏరిన వాళ్ళు చేత్తో నలిపి ఆ చప్పుడుని బట్టి ఇది ఫలానా రకమని చెప్పేస్తారు. కొంతమంది అంచు కాల్చి వాసన చూస్తారు, అది మాత్రం మంచిది కాదు, ఆ వాసన రోజూ పీల్చేది వాళ్ళే.

తర్వాత పని అంతా మీరు ఊహించేదే. నొక్కి బేళ్ళు, అంటే గట్టి మూటలు కట్టడం, గ్రైండర్‌లో ముక్కలు చేయడం, వేడి నీళ్ళు, కాస్టిక్ సోడాతో కడగడం, ఆరబెట్టడం, కరిగించి దారాల్లా లాగి గింజలుగా కత్తిరించడం. ఇందులో బయటివాళ్ళు పట్టించుకోని విషయాలు రెండున్నాయి. ఒకటి బేలింగ్, అంటే ఆ బేళ్ళు కట్టడం. ఖాళీ సీసాలు లారీలో వేసుకెళ్తే మీరు తీసుకెళ్ళేది గాలి, డీజిల్ ఖర్చు కూడా రాదు, అందుకే ఫ్యాక్టరీకి దూరంగా ఉన్న ఊళ్ళలో, ద్వీపాల్లో, కొండ ప్రాంతాల్లో మంచి పెట్ సీసాకి కూడా ధర ఉండదు. ఒక చిన్న ప్రెస్ మెషీన్ అక్కడ పెడితే చాలాసార్లు లెక్క మారిపోతుంది. రెండోది కడిగిన నీళ్ళు. జిగురు, సబ్బు, కాస్టిక్, సన్నటి ప్లాస్టిక్ పొడి, ఇదంతా ఉన్న నీళ్ళని అలాగే కాలవలోకి వదిలేస్తే మనం రీసైక్లింగ్ పేరుతో ఇంకో కాలుష్యం పెట్టినట్టు. చిన్న యూనిట్లలో ఎక్కువగా జరిగేది అదే, చెప్పుకోవడానికి బాగోదు గానీ నిజం.

సరే, ఈ ఏరేవాళ్ళు ఎవరు? ప్యూ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ 2020లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో రీసైక్లింగ్ కోసం పోగయ్యే ప్లాస్టిక్‌లో దాదాపు 60 శాతం చెత్త ఏరుకునే వాళ్ళ చేతుల మీదుగానే వస్తోంది. మున్సిపాలిటీ బండ్లు కాదు, కంపెనీలు కాదు, గోనె సంచీ భుజాన వేసుకుని తిరిగే మనుషులు. వాళ్ళు చిన్న తుక్కు కొట్టుకి అమ్ముతారు, అతను పెద్ద వ్యాపారికి, అక్కడినుంచి గ్రైండింగ్ యూనిట్‌కి, అక్కడినుంచి గింజలు చేసేవాడికి. పైన ధర ఒక రూపాయి తగ్గితే మధ్యలో ఎవరూ తమ వాటా తగ్గించుకోరు, మొత్తం కింద ఏరేవాడి మీద పడుతుంది. ఆ ధర దేన్ని బట్టి ఉంటుందంటే ముడిచమురుని బట్టి. చమురు చవకైతే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది, అప్పుడు పాతదాన్ని కడిగి ఆరబెట్టి చేసిన గింజ ఎవరికి కావాలి? 2020లో చమురు ధర కుప్పకూలినప్పుడు అదే జరిగింది, పైగా లాక్‌డౌన్లు, చాలా దేశాల్లో ఏరేవాళ్ళకి ఒక్కసారిగా పని పోయింది.

కైరో కథ చెప్తా, నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది కాబట్టి కొంచెం టైమ్ తీసుకుంటా. అక్కడ జబ్బాలీన్ అని చెత్త ఏరేవాళ్ళు ఉంటారు, ఎక్కువమంది కాప్టిక్ క్రైస్తవులు, 1940ల నుంచి ఈజిప్టు దక్షిణం పల్లెల నుంచి వలస వచ్చి మొకత్తం కొండ కింద స్థిరపడ్డారు. మేడలెక్కి ప్రతి ఇంటి గుమ్మం దగ్గరికీ వెళ్ళి చెత్త తీసుకునేవాళ్ళు, ఇంటికి తెచ్చి కుటుంబం అంతా కూర్చుని రకాలు విడదీసేవాళ్ళు, ప్లాస్టిక్ ఒకటి, గుడ్డ ఒకటి, రేకు ఒకటి, అన్నం కూరల్లాంటి తడి చెత్త పందులకి. వాళ్ళు తెచ్చిన చెత్తలో దాదాపు 80 శాతం మళ్ళీ వాడకంలోకి వెళ్ళేదని చెప్తారు. 80 శాతం! అప్పటికి యూరప్‌లో ఎక్కడా అంత లేదు. 2003లో ప్రభుత్వం ఏం చేసింది, సిటీ మోడర్న్‌గా కనపడాలని యూరప్ కంపెనీలకి పెద్ద కాంట్రాక్టులు ఇచ్చింది. ఆ కాంట్రాక్టుల్లో పెట్టిన రీసైక్లింగ్ టార్గెట్ 20 శాతం. పెద్ద లారీలు సన్నటి సందుల్లోకి దూరలేకపోయాయి, జనాన్నే చెత్త కిందికి తెచ్చి రోడ్డు మీద డబ్బాల్లో వేయమన్నారు, జనం వేయలేదు, పైగా కరెంటు బిల్లులో చెత్త ఫీజు కలిపారని గొడవ. ఆ తర్వాత 2009లో స్వైన్ ఫ్లూ భయంతో దేశంలో ఉన్న పందులన్నిటినీ చంపించారు. అవి లేకపోయేసరికి తడి చెత్త తినేవి లేవు, వీధుల్లో పేరుకుపోయింది. తడి చెత్తకీ ప్లాస్టిక్‌కీ ఏం సంబంధం అనుకుంటారేమో, అదే సంబంధం. తడి చెత్తకి ఒక దారి ఉన్నంతకాలమే పొడి చెత్త శుభ్రంగా దొరుకుతుంది. రెండూ ఒకే డబ్బాలో పడ్డాయా, ఆ సీసా విలువ అప్పుడే సగం పోయినట్టు.

ఇంకోవైపు కొలంబియా రాజధాని బొగొటా చూడండి. అక్కడా ఏరేవాళ్ళని పక్కకి నెట్టి పెద్ద టెండర్లు పెట్టబోయారు, వాళ్ళు కోర్టుకెళ్ళారు, కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ళ పక్షాన తీర్పులిచ్చింది, 2011లో ఇచ్చింది మరీ గట్టి ఆర్డర్. 2013 నుంచి బొగొటా వాళ్ళకి టన్నుల లెక్కన డబ్బు కట్టడం మొదలుపెట్టింది. అంటే సరుకు అమ్ముకుంటే వచ్చేది వేరు, చెత్త ఎత్తిన సేవకి నగరం ఇచ్చేది వేరు. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే. ఎందుకంటే ప్లాస్టిక్ ధర పడిపోయినా వాళ్ళ ఆదాయం మొత్తం పడిపోదు. ఆ పోరాటం నడిపిన వాళ్ళలో ఒకరు నోరా పడియ్యా, ఆవిడ కూడా చెత్త ఏరుకునే కుటుంబం నుంచి వచ్చినావిడే, 2013లో ఆవిడకి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. బ్రెజిల్ కూడా 2002లోనే దీన్ని ఒక వృత్తిగా ప్రభుత్వ జాబితాలో చేర్చింది. ఇండియాలో పూణేలో స్వచ్ఛ్ అని ఏరేవాళ్ళే ఓనర్లుగా నడిపే సహకార సంఘం ఉంది, ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకుంటారు, నెలకి ఇంత అని ఇంటివాళ్ళు ఫీజు కడతారు, పొడి చెత్త అమ్ముకున్న డబ్బు వాళ్ళదే. దానికి వెనకాల 1993లో పెట్టిన యూనియన్ ఉంది, అది లేకుండా ఇది వచ్చేది కాదు.

ఇక విదేశాల చెత్త. 2018 దాకా ప్రపంచంలో దేశాలు దాటే ప్లాస్టిక్ చెత్తలో పెద్ద భాగం చైనా కొనేది. ఆ ఏడాది తలుపు మూసేసింది. ఆ సరుకంతా మలేషియా, వియత్నాం, థాయ్‌లాండ్, ఇండోనేషియాల మీద పడింది, 2019లో ఫిలిప్పీన్స్ కెనడా నుంచి వచ్చిన 69 కంటైనర్లని గొడవపడి మరీ వెనక్కి పంపింది. దేశాల మధ్య ప్రమాదకర చెత్త రవాణా మీద ఉన్న బాసెల్ ఒప్పందంలో మార్పు వచ్చి 2021 జనవరి నుంచి కలగాపులగం ప్లాస్టిక్ చెత్త పంపాలంటే అవతలి దేశం ముందే ఒప్పుకోవాలని రూల్ పెట్టారు. ఇందులో ఒక మెలిక ఉంది, అక్కడి రీసైక్లింగ్ యూనిట్లు దిగుమతిని ఇష్టపడేవి, ఎందుకంటే అది ఏరి, కట్టి, బేళ్ళుగా వస్తుంది, సొంత ఊళ్ళో చెత్తేమో తడిసి ముద్దై ఉంటుంది. దిగుమతి ఆపడం మంచిదే, కానీ ఆపేసి ఊరుకుంటే ఫ్యాక్టరీకి సరుకు ఎక్కడినుంచి వస్తుంది? ఇంట్లోనే తడీ పొడీ విడదీస్తే వస్తుంది. ఇండోనేషియాలో చెత్త బ్యాంకులని ఉన్నాయి, యోగ్యకర్త దగ్గర 2008లో మొదలై దేశమంతా పాకాయి, పొడి చెత్త తూకం వేసి పాస్‌బుక్కులో డబ్బు జమ చేస్తారు. అక్కడే సురబయా నగరంలో 2018 నుంచి సిటీ బస్సు ఎక్కడానికి టికెట్టు బదులు ఖాళీ సీసాలిచ్చే ఏర్పాటు పెట్టారు. ఈక్వడార్‌లో ఇంకా సూటిగా చేశారు, 2011 చట్టంతో ప్రతి పెట్ సీసా మీద 2 సెంట్ల పన్ను పెట్టి, సీసా తెచ్చినవాళ్ళకి ఆ డబ్బు తిరిగి ఇచ్చేట్టు చేశారు. సీసా మీద డబ్బు ఉందంటే అది కాలవలో ఉండదండీ, ఎవరో ఒకరు దిగి మరీ తెస్తారు.

అయితే ఇప్పటిదాకా నేను చెప్పిందంతా సీసాలకీ డబ్బాలకీ పనిచేస్తుంది. చిన్న సాషే ప్యాకెట్లున్నాయి చూడండి, షాంపూ, చిప్స్, గుట్కా, వాటికి ఇది ఏదీ పనిచేయదు. దానిలో పాలిస్టర్ ఒక పొర, అల్యూమినియం ఒక పొర, పాలిథీన్ ఒక పొర, మధ్యలో జిగురు. విడదీయడానికయ్యే ఖర్చు సరుకు విలువకన్నా చాలా ఎక్కువ. కిలో పోగవ్వాలంటే వందల ప్యాకెట్లు ఏరాలి, ఏరినా కొనేవాడు లేడు, మరి ఎందుకు ఏరతారు? డంపింగ్ యార్డుకి వెళ్ళి చూస్తే సీసా ఒక్కటి కనపడదు, ఈ ప్యాకెట్లు మాత్రం కొండలా ఉంటాయి. పేదవాళ్ళు కొనగలగాలని చిన్న ప్యాకెట్ పెట్టామని కంపెనీలంటాయి, అది నిజమే, కానీ ఆ ప్యాకెట్ చివరికి తగలబడేది కూడా పేదవాళ్ళ వీధిలోనే.

ఈ ప్యాకెట్లతో రోడ్లు వేస్తున్నారు కదా అంటారు. మదురైలో ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారు తారులో ప్లాస్టిక్ కలిపే పద్ధతి తెచ్చారు, 2018లో పద్మశ్రీ ఇచ్చారు, మంచి పని. నైరోబీలో న్జాంబి మటీ అనే ఇంజనీరు ప్లాస్టిక్, ఇసక కలిపి పేవింగ్ ఇటుకలు చేస్తోంది, బాగా గట్టిగా ఉంటాయి. నేను వీటిని తీసిపారేయను, మంటలో పోయేదానికన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఇది ఒక్కసారి తిరిగే చక్రం, ఇటుక అరిగాక మళ్ళీ ఇటుక అవ్వదు, అరిగేటప్పుడు పొడి ఎక్కడికి పోతుందనేది కూడా చూసుకోవాలి. ముఖ్యంగా, రోడ్లున్నాయి కదా అని కంపెనీలు అదే ప్యాకెట్ ఇంకో పదేళ్ళు చేయడానికి అది సాకు కాకూడదు.

అందుకే తయారుచేసినవాడే బాధ్యత తీసుకోవాలనే చట్టాలు వచ్చాయి. ఇండియా 2022లో దానికి గైడ్‌లైన్స్ ఇచ్చింది, కంపెనీ ఎంత ప్లాస్టిక్ మార్కెట్లో పెడితే అంతకి తగ్గ రీసైక్లింగ్ సర్టిఫికెట్లు చూపించాలి. కాగితం మీద చక్కగా ఉంది. 2023కల్లా లక్షల సంఖ్యలో నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే పట్టుకుంది. కెపాసిటీ లేని యూనిట్లు కూడా చేసేశామని రాసిచ్చాయి. పైన పటారం లోన లొటారం. నేననేది, సర్టిఫికెట్‌కి డబ్బు పెట్టే బదులు ఆ డబ్బు నేరుగా తూకం దగ్గర, ఏరినవాడి అకౌంట్లో పడేట్టు చేయండి, తూకం దగ్గర మోసం చేయడం కాగితం మీద చేసినంత సులువు కాదు.

ప్లాస్టిక్ మీద ప్రపంచ స్థాయి ఒప్పందం సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తా. 2022 మార్చిలో నైరోబీలో ఒప్పందం కావాలని దేశాలన్నీ తీర్మానం చేశాయి. 2024 చివర్లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో తేలలేదు, 2025 ఆగస్టులో జెనీవాలో మళ్ళీ తేలలేదు. తగువు ఎక్కడంటే, కొత్త ప్లాస్టిక్ తయారీకి పరిమితి పెట్టాలని చాలా దేశాలు, వద్దు చెత్త మేనేజ్‌మెంట్ గురించి మాత్రం మాట్లాడదామని చమురు దేశాలు. రీసైక్లింగ్ చేసేవాళ్ళకి కూడా కొత్త ప్లాస్టిక్ ఇంత చవగ్గా దొరక్కపోతేనే బతుకు, ఇది గుర్తుపెట్టుకోండి.

ఎవరో చెయ్యెత్తారు, అడగండి. కెమికల్ రీసైక్లింగ్ గురించా? ప్లాస్టిక్‌ని మళ్ళీ నూనెగా మార్చేది. చూడండి, టెక్నాలజీ ఉంది, కాదనను. కానీ దానికి పెట్టుబడి చాలా కావాలి, కరెంటూ వేడీ బాగా కావాలి, అన్నిటికన్నా ముందు శుభ్రమైన, పొడిగా ఉన్న, రకం తెలిసిన సరుకు రోజూ టన్నుల్లో కావాలి. పీవీసీ పడితే దానికీ యాసిడ్ గొడవే. డబ్బున్న దేశాల్లోనే చాలా ప్లాంట్లు చెప్పిన కెపాసిటీ అందుకోలేక మూతపడ్డాయి. అంత శుభ్రంగా విడదీసిన సరుకు మీ ఊళ్ళో దొరికితే, దాన్ని నూనె చేయడం ఎందుకు, మామూలు గ్రైండర్, తొట్టి, కరిగించి దారాల్లా లాగే ఎక్స్‌ట్రూడర్ పెట్టుకుంటే తక్కువ ఖర్చులో గింజలొస్తాయి. దొరక్కపోతే ఆ ప్లాంటూ నడవదు. కాబట్టి ఎవరైనా మీ మున్సిపాలిటీకి వచ్చి కోట్ల ప్లాంటు పెడతామంటే, సరుకు ఎవరు ఏరతారు, వాళ్ళకి కిలోకి ఎంతిస్తారు అని మొదట అడగండి, జవాబు కాగితం మీద రాసివ్వమనండి.

తర్వాత ప్రశ్న ఆ కుడివైపు చివరి అమ్మాయిది అనుకుంటా, మైక్ అటు ఇవ్వండి.